అచ్చు ఖర్చు లేని రచయిత: తెనాలి హోటలు కార్మికుడు ‘శారద’ సాహితీ జీవితం

తెనాలి: ఆయన మాతృభాష తెలుగు కాదు. బడిలో కూర్చుని తెలుగు దిద్దుకున్నవారూ కారు. హోటలులో బల్లలు తుడుస్తూ, ఎంగిలి పళ్లాలు ఎత్తుతూ, కాఫీలు అందిస్తూ పట్టణంలో వినిపించిన తెలుగునే చదువుగా మార్చుకున్నారు. ఆ తెలుగులోనే కథలు, నవలలు రాసి ఆధునిక తెలుగు కథాసాహిత్యంలో తనకంటూ ఒక స్థానాన్ని సంపాదించుకున్నారు. ఆయనే ‘శారద’. అసలు పేరు ఎస్.నటరాజన్. 31 ఏళ్ల ప్రాయంలోనే, 1955 ఆగస్టు 17న తెనాలిలో కన్నుమూశారు.

తన రచనను తానే అచ్చు వేయించుకుని పాఠకుని చేతికి అందించాలన్న కోరిక తెలుగునాట ప్రతి రచయితకూ ఉన్నదే. జిల్లాలో ఆస్తి అమ్మి పుస్తకం వేసుకున్నవారు, భార్య మెడలోని బంగారం తాకట్టు పెట్టి శతకం వెలువరించినవారు ఊరికొకరు తారసపడతారు. అమ్మడానికి ఆస్తి, తాకట్టుకు బంగారం రెండూ లేనివాడికి ఆ కోరిక కలిగితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే శారద జీవితాన్ని చూడాలి. ఆయన సొంతంగా నడిపిన పత్రికకు అచ్చు యంత్రం లేదు. అది చేతిరాత పత్రిక.

పుదుక్కోట నుంచి తెనాలికి

నటరాజన్ 1924లో తమిళనాట పుదుక్కోటలో జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బతుకుతెరువు వెతుక్కుంటూ 1937లో తండ్రితో కలిసి తెనాలి చేరారు. అప్పటికి ఆయన వయసు పన్నెండు, పదమూడేళ్లు. అక్క కుటుంబం ఇక్కడ ఉండటమే ఆ రాకకు కారణం. ఎంతోకాలం గడవకముందే తండ్రి కూడా అనారోగ్యంతో మరణించారు. ఆ వయసులో ఆయనకు మిగిలిన దారి హోటలు పని.

ఆనాటి తెనాలి అలాంటి కుర్రవాళ్లకు ఎలాగో ఒక పూట కూడు పెట్టగలిగిన ఊరు. కృష్ణా కాలువల కింద మాగాణి, పక్కనే దుగ్గిరాల పసుపు, పడమటన గుంటూరు మొదలుకుని చిలకలూరిపేట, నరసరావుపేట దాకా మెట్టపొలాల పత్తి, మిరప, పొగాకు... ఈ రెండు సీమల సొమ్ము కలిసే చోట రైలు కూడలిగా తెనాలి పెరిగింది. బియ్యం మిల్లులు వెలిశాయి. నాటక సమాజాలు పుట్టాయి. పంట అమ్ముకున్న రైతు, కోర్టు పనికి వచ్చిన కక్షిదారు, రైలు మారే ప్రయాణికుడు, రిహార్సలు ముగించుకున్న నటుడు అందరూ కూర్చునే చోటు కాఫీ హోటలే. ఆ వ్యాపారంలో తమిళులకు, ఉడిపి ప్రాంతం వారికి మంచి పేరుండేది. తమిళం మాట్లాడే పిల్లవాడికి అక్కడ చోటు దొరకడంలో వింతేమీ లేదు.

సర్వరు పని అంటే తెల్లవారుజామున పొయ్యి రాజేసే వేళకు మొదలై రాత్రి ఆఖరి బల్ల కడిగేదాకా సాగేది. భోజనం, కొద్దిపాటి జీతం. సెలవు ఉండదు, పని రేపు ఉంటుందన్న భరోసా ఉండదు. దీనికితోడు నటరాజన్‌ను మూర్ఛవ్యాధి పీడించేది. వేడి పాత్రల మధ్య, నిప్పు పక్కన పనిచేసే మనిషికి ఎప్పుడు స్పృహ తప్పుతుందో తెలియని జబ్బు ఉంటే ఏ యజమానైనా ఎంతకాలం ఉంచుకుంటాడు? ఒకచోట నిలకడగా పనిచేసే అదృష్టం ఆయనకు దక్కలేదు. హోటలు పని లేనప్పుడు చిల్లర పనులతోనూ, చిరుతిండి అమ్ముకునీ రోజులు వెళ్లదీశారు.

ఊరే బడి

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని పిలవడం నేటికీ ఉంది. ఆ పేరు వేషభాషల వల్ల మాత్రమే రాలేదు. శివశంకరశాస్త్రి సారథ్యంలోని సాహితీ సమితికి తెనాలే నెలవు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి న్యాయవాదిగా, పురపాలక సంఘ అధ్యక్షునిగా పనిచేసింది ఇక్కడే. ఆయన సూతాశ్రమం పండితులకూ, పండితులతో తగవుపడేవారికీ కూడా విడిదిగా ఉండేది. కొడవటిగంటి కుటుంబరావు 1909లో ఇక్కడే పుట్టారు. ఐతానగర్‌కు చెందిన చక్రపాణి శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగులోకి తెచ్చి, వాటిని తెలుగువారి సొంత కథలే అన్నంతగా ప్రచారంలోకి తీసుకువచ్చారు. కవిరాజు తనయుడు గోపీచంద్, ‘కీలుబొమ్మలు’ నవలాకారుడు జి.వి.కృష్ణరావు కూడా ఈ ప్రాంతపు సాహిత్య వాతావరణంలోనివారే.

నటరాజన్ తెలుగు నేర్చుకున్నది ఈ గాలిలోనే. చేతికి అందిన పత్రిక, ఎవరో ఇచ్చిన పుస్తకం, బల్లల దగ్గర సాగే వాదోపవాదాలు ఆయనకు పాఠాలయ్యాయి. ఆ పాఠాల్లో వ్యాకరణం తక్కువ, వ్యవహారం ఎక్కువ. అదే ఆయనకు మేలు చేసింది. పండిత కుటుంబంలో పుట్టి వ్యావహారికంలో రాయాలనుకున్నవారు ముందు తమ చదువును కొంత మరచిపోవలసి వచ్చేది. నటరాజన్‌కు మరచిపోవలసినది ఏమీ లేదు. వీధిలో, వంటింట్లో, బేరసారాల్లో పలికే మాటే ఆయనకు తెలిసిన తెలుగు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. తెనాలి రచయితలు ఒక్కరొక్కరే మద్రాసు రైలెక్కుతున్న కాలమది. చక్రపాణి అక్కడే స్థిరపడి 1947 జూలైలో ‘చందమామ’ను ప్రారంభించారు. కుటుంబరావు అదే పత్రికలో దశాబ్దాలు పనిచేశారు. గోపీచంద్ సినిమాలకు మాటలు రాశారు, దర్శకత్వం వహించారు. తెలుగు అచ్చు పరిశ్రమ, సినిమా, పెద్ద పత్రికలు అన్నీ మద్రాసులోనే ఉండేవి గనుక కలంతో బతకదలచినవారు అటు వెళ్లక తప్పేది కాదు. సరిగ్గా ఆ కాలంలోనే అటునుంచి ఇటు వచ్చిన ఒక తమిళ యువకుడు తెనాలిలో ఉండిపోయి తెలుగు రచయిత అయ్యాడు. మద్రాసులో తమిళ రచయితగా ఆయనకు మరింత సులువుగా ఉండేదేమో. ఆ దారి మాత్రం తొక్కలేదు.

రాష్ట్రం కోసం తెలుగువారు తమిళులతో పేచీపడుతున్న రోజులు కూడా అవే. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగం చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ గొడవలన్నిటి నడుమ పుదుక్కోట నటరాజన్ తెలుగు పాఠకుల కోసం తెలుగు సంసారాల కథలు రాస్తూనే ఉన్నారు. ‘శారద’ అన్న కలం పేరును బట్టి అది ఎవరో స్త్రీ రచన అనుకున్న పాఠకులు ఉన్నారంటే ఆశ్చర్యపడనక్కరలేదు. తమిళుడు రాసిన తెలుగు అని అనుమానించడానికి మాత్రం ఆ వాక్యాల్లో ఆధారం దొరకదు.

ఇరవై ఐదు రీముల దూరం

రచయితకు, పాఠకుడికి మధ్య అచ్చాఫీసు ఉంటుంది. ఆనాడు అచ్చాఫీసు మెట్లెక్కడమంటే ఎంత పనో నేటి తరానికి చెబితే తప్ప తెలియదు. అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చాలి. పదహారు పేజీలు ఒక ఫారం. 200 పేజీల నవల అంటే పన్నెండున్నర ఫారాలు. వెయ్యి ప్రతులు వేయాలంటే పన్నెండున్నర వేల షీట్లు కావాలి. రీముకు 500 షీట్ల లెక్కన చెడిపోయే కాగితం కాక 25 రీములు. కాగితం సొమ్ము ముందే చెల్లించాలి. కూర్పు కూలి, అచ్చు కూలి, కుట్టు కూలి ఆ పైన. చిన్న అచ్చాఫీసుల్లో నాలుగైదు ఫారాలకు మించి టైపు ఉండేది కాదు. కూర్చిన పేజీలు అచ్చయి, అక్షరాలు మళ్లీ గళ్లలోకి చేరితే తప్ప తరువాతి ఫారం కదలదు. డబ్బు ఆగితే పుస్తకం సగంలో ఆగుతుంది.

దీనికి యుద్ధం తోడయింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాగితంపై ప్రభుత్వ నియంత్రణ వచ్చింది. బియ్యం, గుడ్డ, కిరోసిన్ మాదిరిగానే కాగితానికీ కరువు. యుద్ధం 1945లో ముగిసినా ధరలు దిగిరాలేదు. పలుకుబడి ఉన్న ప్రచురణకర్తలే కాగితం కోసం తిరుగాడిన రోజుల్లో కొత్త రచయిత మాట వినేదెవరు?

పుస్తకం వెలువడినంత మాత్రాన కష్టం తీరేదీ కాదు. దుకాణదారు కమీషను మినహాయించుకుంటాడు. అరువుకు తీసుకున్న ప్రతుల లెక్క ఏడాదికో, రెండేళ్లకో తేలుతుంది. తేలకపోవచ్చు కూడా. మిరప టిక్కీలు కొట్టులో దించి, ధర పలికేదాకా కాచుకుని, చివరకు కాటా, కమీషను, వడ్డీ పోగా మిగిలినది పుచ్చుకునే రైతుకు ఈ లెక్క కొత్త కాదు. తేడా ఒక్కటే. మిరపకాయలు ఏదో ఒక ధరకు అమ్ముడవుతాయి. అమ్ముడుపోని పుస్తకాలు అటక మీద చెదలుపడతాయి.

ఈ బాధ తప్పించుకోవడానికి ఎక్కువమంది రచయితలు హక్కులను గుత్తగా ప్రచురణకర్తకు అమ్మేవారు. చేతికి వచ్చిన కొద్ది మొత్తంతో ఆ పుస్తకంతో రుణం తీరిపోయేది. తరువాత అది ఎన్ని ముద్రణలు పొందినా రచయితకు ఒరిగేది లేదు. సొంతంగా వేసుకుని నిలదొక్కుకున్నవారు లేకపోలేదు. కందుకూరి వీరేశలింగం సొంత అచ్చుయంత్రం పెట్టుకుని పత్రికలు, పుస్తకాలు వెలువరించారు. కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం ఆదాయంతో ‘ఆంధ్రపత్రిక’ను, ఆంధ్ర గ్రంథమాలను పోషించారు. కానీ వీరేశలింగానికి పంతులు ఉద్యోగం ఉంది, నాగేశ్వరరావుకు అమృతాంజనం ఉంది. సొంత ప్రచురణ చరిత్రను తరచి చూస్తే పుస్తకం వెనుక మరొక రాబడి కనబడుతూనే ఉంటుంది. మడి చెక్కో, ఉద్యోగమో, జమీందారు దయో లేనిదే పుస్తకం గడప దాటేది కాదు. హోటలు సర్వరుకు ఆ మూడూ లేవు.

చేతిరాతతో ‘ప్రజావాణి’

అచ్చు అందని చోట చేయి మిగిలింది. నటరాజన్ ‘ప్రజావాణి’ అనే లిఖిత పత్రికను నడిపారు. ఆ రోజుల్లో విద్యార్థులు, యువజన సంఘాలు ఇలాంటి పత్రికలు పెట్టుకోవడం వాడుకే. తెల్లకాగితాలపై దస్తూరీ బాగున్నవారి చేత కథలు, వ్యాసాలు, పద్యాలు రాయించి, రంగు సిరాతో శీర్షికలు దిద్ది, అట్ట కుట్టి ఒకరి చేతి నుంచి మరొకరికి పంపేవారు. చదివినవారు చివరి పుటల్లో అభిప్రాయం రాసేవారు. ఒక్క ప్రతి వీధులన్నీ తిరిగేది. చందా ఉండదు. ప్రకటనలు ఉండవు. పదిమంది చేతులు మారేసరికి అంచులు నలిగి, నూనె మరకలు పడి, ఏ ఇంట్లోనో నిలిచిపోయేది.

కాలేజీ విద్యార్థికి లిఖిత పత్రిక సరదా. నటరాజన్‌కు అదే అచ్చాఫీసు, అదే పుస్తకాల కొట్టు. తన ఇష్టప్రకారం, ఎవరి అనుమతీ అడగకుండా పాఠకుల ముందు పెట్టగలిగిన రచన అదొక్కటే. పగలంతా నిలబడి పనిచేసిన మనిషి రాత్రి నిద్ర మాని రాసేవారు. ఒక కథను రాయడం వేరు, దాన్నే శుభ్రమైన దస్తూరీతో మళ్లీ రాయడం వేరు. కాగితం, సిరా, దీపానికి చమురు కూడా జీతం నుంచే కొనాలి. ఈ ఖర్చు ఏ లెక్కలోనూ ఎక్కలేదు గాని ఆయన వరకు అది పెద్ద పెట్టుబడే.

అచ్చులో మొదటి కథ 1946లో ‘ప్రజాశక్తి’లో వెలువడింది. దాని పేరు ‘ప్రపంచానికి జబ్బు చేసింది’. మూర్ఛతో బాధపడుతున్న యువకుడు లోకానికి జబ్బు చేసిందని పేరు పెట్టడంలో ఎంత వ్యంగ్యం ఉందో ఆనాటి పాఠకులకు తెలిసే అవకాశం లేదు. ఆ తరువాత తొమ్మిదేళ్లపాటు కథలు రాస్తూనే ఉన్నారు. వాటి సంఖ్య వందకు చేరువగా ఉంటుందని చెబుతారు.

ధారావాహికలు, బాకీలు

‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’, ‘మంచీ-చెడూ’ నవలలు శారదకు పేరు తెచ్చినవి. అవి పాఠకుల ముందుకు వచ్చింది పత్రికల్లో ధారావాహికలుగా. తెనాలి నుంచి వెలువడిన ‘జ్యోతి’, మద్రాసు నుంచి వెలువడిన ‘ఆంధ్రపత్రిక’ వారపత్రిక వంటివి ఆయనకు వేదికలయ్యాయి. వారం వారం ఎదురుచూసి చదివే పాఠకులు ఏర్పడ్డారు. ఆ పాఠకుల్లో కొందరికి తెనాలిలో ఆ పూట కాఫీ తెచ్చి బల్లపై పెట్టినది ఆ రచయితే అయి ఉండవచ్చు.

నవలల్లో ఆయన పట్టుకున్న విషయం డబ్బు. యుద్ధం తరువాత చీకటి బజారులో సంపాదించినవారు పెద్దమనుషులైన తీరు, మధ్యతరగతి కుటుంబంలో అప్పు ప్రవేశించాక అన్నదమ్ములు, ఆలుమగలు మారిపోయే తీరు, మంచివాడని ఊరు అనుకునేవాడు మంచివాడుగా ఉండటానికి ఎంత సొమ్ము కావాలన్న ప్రశ్న ఆ పుటల్లో కనిపిస్తాయి. ఉపన్యాసాలు తక్కువ. పాత్రలను మంచి, చెడ్డ అని గీత గీసి విడదీయరు. ‘మంచీ-చెడూ’ అన్న పేరు పెట్టిన రచయిత అలా విడదీయకపోవడమే ఆ నవలలోని విశేషం. హోటలు బల్ల దగ్గర నిలబడినవాడికి అందరి మాటలూ వినబడతాయి, ఎవరూ అతణ్ణి గమనించరు. బేరాలు, పెళ్లిచూపుల లెక్కలు, కోర్టు వ్యాజ్యాల గుట్టు అతని ముందే జరిగిపోతాయి. ఆ చూపు ఆయన రచనలో ఉంది.

పేరు వచ్చింది. బతుకు మారలేదు. పత్రికలిచ్చే పారితోషికం స్వల్పం. అది కూడా రచన అచ్చయిన తరువాత, ఎప్పుడో మనియార్డరు రూపంలో రావాలి. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నప్పుడు వచ్చే నెల అచ్చయ్యే కథ అన్నం పెట్టదు. రచయితగా గుర్తింపు వచ్చాక హోటలు పని మానేసి కలం మీద బతకవచ్చునన్న ఆశ ఆయనకు లేకపోలేదు. అది నెరవేరలేదు. నవల వారపత్రికలో నడుస్తున్న కాలంలోనూ కూలి వెతుక్కోవలసి వచ్చింది. జబ్బు ముదిరింది. వైద్యానికి సొమ్ము లేదు. సాటి సాహితీపరులు కొందరు చేయగలిగిన సాయం చేశారు. వారిలో చాలామందివి కూడా పెద్ద చేతులు కావు.

1955 ఆగస్టు నాటికి ఆయన వయసు 31 ఏళ్లు. వెనుక భార్యాబిడ్డలు మిగిలారు. చేతిరాత ప్రతులు, అక్కడక్కడ పత్రికల కత్తిరింపులు తప్ప ఆస్తి లేదు.

మిత్రుని బాధ్యత

శారద పేరు పూర్తిగా మరుగున పడకుండా కాపాడినవారిలో ఆలూరి భుజంగరావును ముందుగా చెప్పుకోవాలి. ఆయన కూడా తెనాలి హోటళ్లలో పనిచేసినవారే. ఇద్దరిదీ ఒకే కష్టం, ఒకే వ్యసనం. భుజంగరావు హిందీ నేర్చుకుని ప్రేమ్‌చంద్, రాహుల్ సాంకృత్యాయన్ రచనలను తెలుగులోకి అనువదించారు. విప్లవ రచయితల సంఘంలో పనిచేశారు. 2013లో మరణించారు. మిత్రుని జీవితాన్ని ‘సాహిత్య బాటసారి శారద’ పేరుతో ఆయన గ్రంథస్థం చేశారు. నటరాజన్ పడిన బాధలు, ఆయన హాస్యప్రియత్వం, రాత్రిళ్లు సాగిన సాహిత్య చర్చలు నేడు మనకు తెలుస్తున్నాయంటే ఆ పుస్తకమే ప్రధాన ఆధారం. ఒక హోటలు కార్మికుని జీవితచరిత్రను మరో హోటలు కార్మికుడు రాయడం తెలుగు సాహిత్యంలో అరుదైన సంగతి. విశ్వవిద్యాలయాలు చేయవలసిన పనిని సాటి కూలివాడు చేశాడు.

హైదరాబాదుకు చెందిన పర్‌స్పెక్టివ్స్ సంస్థ 1999లో శారద నవలలను ఒకచోట చేర్చి వెలువరించింది. ‘రక్తస్పర్శ’ పేరుతో కథల సంపుటం కూడా వచ్చింది. అప్పటికి రచయిత మరణించి 44 ఏళ్లు. వారపత్రికలో ఆ నవలలను చదివిన యువకులు వృద్ధులయ్యారు. కొత్త తరం విమర్శకులు ఆ పుస్తకాలను చూసి, యుద్ధానంతర తెలుగు పట్టణ జీవితాన్ని ఇంత దగ్గరగా చూసిన నవలలు ఇంతకాలం ఎక్కడ ఉన్నాయని విస్తుపోయారు. అవి ఎక్కడికీ పోలేదు. పాత పత్రికల బైండ్లలో ఉన్నాయి.

ప్రచురణ హక్కు విషయంలో మరో విశేషం ఉంది. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లపాటు హక్కు ఉంటుంది. ఆ లెక్కన శారద బతికి ఉండగా వెలువడిన రచనలపై హక్కు 2015తో ముగిసింది. 2016 జనవరి 1 నుంచి వాటిని ఎవరైనా, ఎవరి అనుమతీ లేకుండా ముద్రించుకోవచ్చు. 25 రీముల కాగితం కూడా అవసరం లేదు. కంప్యూటరులో అక్షరాలు కూర్చి యాభై ప్రతులు మాత్రమే వేయించుకునే వీలు నేడు గుంటూరులోనూ, విజయవాడలోనూ ఉంది. నేటి సొంత ప్రచురణ రచయితను వేధించేది అచ్చు ఖర్చు కంటే ఎక్కువగా పంపిణీ, పాఠకుడు. యాభై ప్రతులు వేయడం తేలిక. యాభై ఒకటో మనిషి చేత చదివించడం నేటికీ కష్టమే. ఆ పనిని మాత్రం నటరాజన్ తన రోజుల్లోనే, దారిద్ర్యంలోనే సాధించారు.

కథలన్నీ ఇంకా ఒకచోటికి చేరలేదు. వందకు చేరువగా రాశారంటున్న కథల్లో సంపుటాలకు ఎక్కినవి కొన్నే. మిగిలినవి 1946 నుంచి 1955 వరకు వెలువడిన పత్రికలను పుట పుటా తిరగేసి వెతకవలసినవి. అందుకు జిల్లా పాఠకుడు మద్రాసు వెళ్లనక్కరలేదు. 1918లో వేటపాలెంలో స్థాపించిన సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికల భాండాగారంగా పరిశోధకులకు చిరపరిచితం. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండి, 1970లో ప్రకాశం జిల్లాలో చేరి, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊరు తెనాలికి రైలు దూరమే. పత్రికల్లో అచ్చయిన కథలు అలాంటి చోట్ల ఏనాటికైనా దొరకవచ్చు. చేతితో రాసి, చేతులు మారుతూ తిరిగిన ‘ప్రజావాణి’ ప్రతుల కోసం మాత్రం గ్రంథాలయాల్లో కాక తెనాలి పాత ఇళ్ల అటకల మీదే వెతకాలి.